గులాబీ కాగితం మీద ఇత్తడి చెంబు

ఇత్తడికి తెల్ల బల్బు పడదు. ఈ ముక్క నాకెవరూ చెప్పలేదు. చెప్పడానికి ఇంట్లో ఎవరైనా ఉంటే కదా! ప్రొద్దుటూరులో రెండు గదుల బాడుగ ఇంట్లో నేనూ, నా బొటనవేలంత బొమ్మ సామాన్లూ కాపురం ఉంటున్నాం. చెంబు, బిందె, రోలు, కుంకుమ భరిణె, అన్నీ ఇత్తడివే. జమ్మలమడుగులో ఉద్యోగం చేసినన్నాళ్ళూ అక్కడి పాత సామాన్ల అంగళ్ళలో ఏరుకున్నాను. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగేవాళ్ళంటే ఒకప్పుడు ఒళ్ళు మండేది. ఇప్పుడు వాళ్ళయినా వస్తే బాగుండనిపిస్తుంది.

రిటైరయ్యాక ఆ సామాన్లకు ఫోటోలు తీయడం మొదలుపెట్టాను. మందుల అంగట్లో అడిగి ఒక థర్మకోల్ పెట్టె తెచ్చి, రెండు పక్కలా కిటికీల్లా కోసి, బటర్ పేపర్ అంటించాను. ఒక్కో పక్క ఒక టేబుల్ లైటు. కాగితంలోంచి వచ్చే వెలుగు మెత్తగా పడుతుంది, నీడలు గీత గీసినట్టు ఉండవు. ఇంతా చేస్తే బిందె పొట్టలో నేనే! చేతిలో ఫోనుతో, నల్లగా, దయ్యంలా. "మధ్యలో నువ్వెందుకే, పక్కకు పో" అని నన్ను నేనే కసురుకుని, ఒక తెల్ల అట్టకు చిల్లు పెట్టి, దాని వెనక దాక్కుని తీశాను. ఈసారి ఫోటోలో నేను లేను. ఫోన్లో స్టేటస్ పెట్టాను. ఎవరూ ఏమీ అనలేదు.

పులివెందులలో తమ్ముడున్నాడు. కమలాపురంలో చెల్లెలుంది. వాళ్ళిద్దరికీ పొలం గట్టు దగ్గర చెడి మాటల్లేవు. నాతో ఎవరికీ తగాదా లేదు. ఉంటే తిట్టడానికైనా ఫోన్ చేసేవాళ్ళు.

ఒకరోజు ఒక తెల్ల బల్బు మాడిపోయింది. అంగట్లో పసుపువే దొరికాయి. ఒకటి తెల్లగా, ఒకటి పసుపుగా ఉంటే ఫోటో పాడవుతుందని రెండు లైట్లకూ పసుపు బల్బులే పెట్టాను. విరిగిన చెవి కమ్మ అతికించుకొచ్చినప్పుడు బంగారు అంగట్లో చుట్టిచ్చిన గులాబీ కాగితం ఉంటే అడుగున పరిచాను. చింతపండుతో తోమిన చెంబును దాని మీద పెట్టి తీసి చూస్తే, అబ్బ, నా గుండె ఝల్లుమంది! కింద సరదాకి 'నా ఆస్తి' అని రాసి స్టేటస్ పెట్టాను.

మర్నాడు పొద్దున్నే తమ్ముడూ మరదలూ గుమ్మంలో ఉన్నారు, చేతిలో అరటిపండ్లతో.

"అక్కా, ఎట్లుండావు? శానా చిక్కిపోయినావే" అన్నాడు తమ్ముడు.

"ఈడ ఒక్కదానివే ఎట్లుంటాండావు వదినా?" అంది మరదలు.

ఇన్నేళ్ళూ యాడ పోయినార్రా అని నోటిదాకా వచ్చింది, మింగేశాను. బొరుగులు నానబెట్టి ఉగ్గాని చేశాను. మరదలు పక్కనే కూచుని ఉల్లిగడ్డలు తరిగింది. తిన్నాక నన్ను మెట్టు మీద కూచోబెట్టి తలకు నూనె పెట్టింది. నా తల మీద ఇంకొకరి చెయ్యి పడి ఎన్నాళ్ళయిందో! కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నూనె కంట్లో పడిందని చెప్పాను.

"అక్కా, ఆ సామాన్లు ఇంట్లోనే పెట్టుకుంటాండావా? రోజులు బాగలేవు. లాకర్లో పెట్టాల గానీ" అన్నాడు తమ్ముడు.

అప్పుడు అర్థమైంది నాకు. ఇత్తడిరా నాయనా అంటే అయిపోయేది. కానీ అంటే లేచి పోతారు. సాయంత్రం దాకా ఉంటామన్నారు. మధ్యాహ్నం భోజనమయ్యాక చెబుదామనుకున్నాను. భోజనమయ్యాక, ఒక కునుకు తీసి లేచాక చెబుదామనుకున్నాను. లేచి వాడే అడిగాడు.

"ఒగసారి చూపియ్ అక్కా."

తెచ్చి వసారాలో పెట్టాను. బయటి ఎండలో అవి ఉన్నట్టే కనిపించాయి. తమ్ముడు చెంబును అరచేతిలో ఎగరేసి చూశాడు, అడుగున గోటితో గీకాడు.

"ఇత్తడా?"

"ఇత్తడేరా. బంగారమని ఎవరు చెప్పినారు నీకు?"

"ఎవరూ చెప్పలేదులే" అని నవ్వాడు. నవ్వు మొహానికి అతకలేదు. ఉన్నట్టుండి పులివెందులలో పని గుర్తొచ్చింది వాడికి. నేను కలిపిన కాఫీ గ్లాసుల్లోనే ఉండిపోయింది.

"మా ఇంటికి రా వదినా" అంది మరదలు చెప్పులేసుకుంటూ. ఎప్పుడో చెప్పలేదు.

వాళ్ళు మలుపు తిరిగాక నాకు తిక్క రేగింది. ఆ బల్బులు పీకి వీధిలో పారేద్దామని లోపలికి వెళ్ళాను. పెట్టె ముందు వంగితే నా జుట్టులోంచి నూనె వాసన వచ్చింది. బల్బు మీంచి చెయ్యి తీసేశాను.

తర్వాత కుంకుమ భరిణెను చింతపండుతో తళతళలాడేలా తోమి, గులాబీ కాగితం మీద పెట్టి, పసుపు బల్బులు వేసి, అట్ట వెనక దాక్కుని ఫోటో తీశాను. తమ్ముడికి కనబడకుండా చేసి స్టేటస్ పెట్టాను. చీకటి పడేలోపు చూసినవాళ్ళలో చెల్లెలి పేరు కనిపించింది.

లేచి వంటింట్లోకి వెళ్ళి, రేపటికి బొరుగులు సరిపోతాయో లేదో చూశాను.