ఫారంలో రాయని పని

డెబ్బయ్యో దశకం మొదట్లో మాట. బాపట్లలో నా బి.కాం. థర్డ్ క్లాసులో గట్టెక్కింది. ఎం.బి.ఏ. చదవాలని ఆశ. మార్కులు తక్కువైనా, పని అనుభవం ఉంటే చూస్తారని మా లెక్చరర్ గారు చెప్పారు.

డిగ్రీ అయ్యాక రెండేళ్లు నిజాంపట్నంలో మా పెద్దమ్మతో కలిసి ఎండుచేపల వ్యాపారం చూశాను. ఫారంలో ఆ మాట రాయడానికి నామోషీ అనిపించింది. స్నేహితుడి నాన్నగారి రైసుమిల్లులో మేనేజరుగా చేశానని సర్టిఫికెట్టు రాయించుకున్నాను.

ఇంటర్వ్యూకి వెళ్లేందుకు రేపల్లెలో రైలెక్కిన దగ్గర్నుంచి కుదురుగా కూర్చోలేకపోయాను. తెనాలిలో దిగి వెనక్కి వెళ్లిపోదామా అనిపించింది.

ఇంటర్వ్యూలో ఒక పెద్దాయన నా కాగితాలు తిరగేసి, "బస్తా ధాన్యం ఆడిస్తే బియ్యం ఎంత వస్తాయి?" అని అడిగారు. మిల్లులో నేను ఒక్కరోజూ పనిచేసింది లేదు. ఆయన మళ్లీ అడిగారు.

"అబద్ధం రాశానండి. నేను చేసింది ఎండుచేపల వ్యాపారమండి."

నేను లేచి వెళ్లిపోబోతుంటే ఆయన, "కూర్చో. ముసురు పట్టి చేపలు ఎండకపోతే ఏం చేస్తారు?" అన్నారు.

ఉప్పు పట్టించడం దగ్గర్నుంచి ఏ సంతకి ఏ చేప పంపాలనేదాకా, ఆయన ఆపమనేవరకూ చెప్పాను.

"ఇది మానేసి అది రాశావేంటయ్యా!" అని ఆయన తల కొట్టుకున్నారు.

సీటొచ్చింది. జరిగింది చెబితే పెద్దమ్మ నమ్మలేదు. "ఊరుకోరా, అంత దూరం పిలిచి చేపల గురించి అడుగుతారేంటి?" అంది.

తర్వాత ఉద్యోగంలో నేనూ ఎందరినో ఇంటర్వ్యూ చేశాను. చేసిన పని చెప్పడానికి ఎవరైనా తడబడితే తొందరపెట్టకుండా ఆగేవాణ్ణి.