అడిగి కట్టిన మెట్లు

వెంకటరమణమ్మ అడగకుండా ఏ పనీ చేసే మనిషి కాదు. బస్సులో పక్క సీటు ఖాళీగా ఉన్నా "కూర్చోవచ్చా అమ్మా?" అని అడిగే కూర్చుంటుంది. కూరగాయల బండి దగ్గర కరివేపాకు రెబ్బ కూడా అడగందే తుంచదు, బండివాడు విసుక్కున్నా సరే. అలాంటి మనిషి, పొరుగువాళ్ల స్థలంలో అడగకుండా మెట్లు కట్టేశానని కోర్టులో తన నోటితో తనే చెప్పాల్సిన పరిస్థితి వచ్చింది.

ఆమెది తెనాలి దగ్గర ఊరు. భర్త వెంకటేశ్వర్లుకి యూనివర్సిటీ ఆఫీసులో ఉద్యోగమైతే కొత్త కాపురానికి హైదరాబాద్ వచ్చింది. అడిక్‌మెట్‌లో కొన్నాళ్లు ఒంటి గదిలో ఉన్నారు. తర్వాత అదే ఆఫీసులో పనిచేసే ఇమ్మానుయేలూ, వెంకటేశ్వర్లూ కూడబలుక్కుని తార్నాకలో పక్కపక్కనే ప్లాట్లు కొని ఇళ్లు కట్టుకున్నారు. ఇమ్మానుయేలు భార్య సుగుణమ్మది చీరాల, స్కూలు టీచరు. ఆడవాళ్లిద్దరికీ మొదటిరోజు నుంచే "వదినా" అన్న పిలుపు కుదిరిపోయింది. సుగుణమ్మ స్కూలుకు వెళ్తే ఆమె కొడుకు జాన్సన్‌కి అన్నం పెట్టింది వెంకటరమణమ్మ. వెంకటరమణమ్మ కొడుకు శశిభూషణ్‌కి చెవి మెలిపెట్టి మరీ ఎక్కాలు నేర్పింది సుగుణమ్మ.

శశిభూషణ్ పెద్దవాడవుతున్నాడని మేడ మీద గదులు వేశారు. తీరా చూస్తే మెట్లకు చోటు చాలలేదు. తూర్పువైపు గోడ అవతల, సుగుణమ్మ వంటింటి పక్కన, రెండున్నర అడుగుల సందు ఖాళీగా పడి ఉంది. అది ఇమ్మానుయేలు వాళ్లది. వెంకటరమణమ్మ వెళ్లి అడిగింది. ఇమ్మానుయేలు అప్పుడు భోంచేస్తున్నాడు. "దానికేముంది చెల్లెమ్మా, కట్టుకోండి. వాననీళ్లు మా వంటింట్లోకి రాకుండా చూడండి చాలు" అన్నాడు. సుగుణమ్మ గరిటె పట్టుకుని నవ్వుతూ తలూపింది. కాగితం రాసుకోవాలని ఎవరికీ తట్టలేదు. అన్నం తింటున్న మనిషి చేత కాగితాలు రాయించుకునేంత తెలివి ఆ రోజుల్లో ఆ వీధిలో ఎవరికీ లేదు.

ఆ మెట్ల మీద పదిహేనేళ్లకు పైగా మనుషులు ఎక్కారు, దిగారు. మగవాళ్లిద్దరూ ఒకరి వెనక ఒకరు కాలం చేశారు. రామంతాపూర్‌లో ఉంటున్న జాన్సన్ తల్లి ఇంటిని బిల్డరుకు ఇద్దామనుకున్నాడు. బిల్డరు మనుషులు టేపు పెట్టి కొలిస్తే స్థలం తగ్గింది. జాన్సన్ చెడ్డవాడేమీ కాదు. కాగితం మీదున్న స్థలం నేల మీద లేకపోతే ఎవరైనా నిలదీస్తారు. అయితే అతను నిలదీసింది శశిభూషణ్‌ని. శశిభూషణ్ ముక్కుమీద కోపం మనిషి. గేటు దగ్గర మాటా మాటా పెరిగింది, వీధి వీధంతా బయటికొచ్చి చూసింది. జాన్సన్ తల్లి పేరుతో కేసు వేయించాడు, ఆ నెలలోనే కోర్టు నోటీసు వచ్చింది.

కేసు వేసిన కొత్తలో ఆడవాళ్లు దాన్ని పట్టించుకోలేదు. పొద్దున్నే ఇద్దరూ తార్నాక వైపు నుంచి క్యాంపస్‌లోకి వెళ్లి, ఆర్ట్స్ కాలేజీ దాకా నడిచి వచ్చేవాళ్లు. "పిల్లలు, వాళ్లే సర్దుకుంటార్లెండి" అని నవ్వుకునేవాళ్లు కూడా. ఒకరోజు ఉన్నట్టుండి సుగుణమ్మ ఆమెను చూసి కూడా చూడనట్టు రోడ్డు దాటి అవతలి వైపుకి వెళ్లిపోయింది. వెంకటరమణమ్మ "వదినా!" అని పిలిచింది. ఆమె తిరగలేదు. ఆ రోజు నుంచి ఆరేళ్లపాటు ఇద్దరూ అదే రోడ్డు మీద, ఒకరు ఈ పక్కన, ఒకరు ఆ పక్కన నడిచారు. వెంకటరమణమ్మకు ఒళ్లు మండింది. టీచరమ్మకు ఇప్పుడు పొగరెక్కిందని తెలిసినవాళ్ల దగ్గరంతా ఆడిపోసుకుంది.

వెంకటరమణమ్మ సాక్ష్యం చెప్పే వాయిదా దగ్గర పడింది. ఇల్లు ఆమె పేరు మీద ఉంది కాబట్టి బోనెక్కక తప్పదు. శశిభూషణ్ ఆమెను లాయరు రాంచందర్ ఆఫీసుకు తీసుకెళ్లాడు.

"అమ్మా, గా వకీలు ఏమడిగినా నిజం కాదనుండ్రి, అయిపోతది" అన్నాడు రాంచందర్. "అసలు ముచ్చట ఒక్కటే. మెట్లు కట్టెటప్పుడు మీరు ఎవల్నీ అడగలే. మీ జాగ లెక్కనే కట్టుకున్నరు. నోటీసుకు కోర్టుల ఇచ్చిన మన జవాబుల అట్లనే రాసినం గద."

"అదేంటి బాబూ? నేను అడిగాగా. వాళ్లిద్దరూ సరేనన్నాకే కట్టాం."

రాంచందర్ కుర్చీలో వెనక్కి వాలాడు. "అడిగిన్రంటే అది వాళ్ల దయ అయితది, మీ హక్కు గాదు. ఎన్నేండ్లున్నా వాళ్లదే. అడగకుంట, అందరు చూస్తుంగ పన్నెండేండ్లు కబ్జాల ఉన్నరంటేనే మీదైతది."

"అంటే దౌర్జన్యంగా తీసుకుంటే మాది, మర్యాదగా తీసుకుంటే వాళ్లదా?"

"చట్టం నేను రాయలే అమ్మా" అని నవ్వాడతను.

వెంకటరమణమ్మ నవ్వలేదు. ఆ జవాబు మీద సంతకం పెట్టింది తనే. ఇంగ్లీషులో ఉంది, కొడుకు చూపించిన చోట పెట్టేసింది, చదివి చెప్పమని అడగలేదు. అన్నీ అడిగే మనిషి అదొక్కటీ అడగలేదు. ఆ జవాబు సుగుణమ్మ చేతికి ఎప్పుడు అందిందో లెక్కేసుకుంటే, ఆమె రోడ్డు దాటి వెళ్లిపోయిన రోజు గుర్తొచ్చింది. పొగరు కాదు, పాడూ కాదు. ఆ మనిషి గుండె కోసేసినట్టయిందని అప్పుడు తెలిసింది. ఆరేళ్లుగా తను తిట్టిన తిట్లన్నీ తలుచుకుని వెంకటరమణమ్మ సిగ్గుతో చితికిపోయింది.

దారిలో కొడుకుతో అంది, "నేను అబద్ధం చెప్పలేనురా."

"అది అబద్ధం కాదమ్మా, లీగల్ పాయింట్" అన్నాడు శశిభూషణ్. తర్వాత గొంతు తగ్గించాడు. "మెట్లు పోతే మేం పైకి ఎట్ల పోతం? ఇల్లు ఖాళీ చేసి ఎక్కడో రెంటుకు పోవాలి. నువ్వు ఒక్కదానివే కింద ఉంటవా? నీ కోసమే కదమ్మా ఇదంతా."

అతను చెప్పిందీ నిజమే. కోడలు శ్రీలలిత పొద్దున్నే ఫిల్టర్ కాఫీ తెచ్చి ఇచ్చేది ఆ మెట్లు దిగే. ఆ చప్పుడు లేని ఇంట్లో తను ఎలా ఉండగలదో వెంకటరమణమ్మకు అర్థం కాలేదు.

వాయిదా రోజు కోర్టు హాల్లో సుగుణమ్మ వెనక బెంచీ మీద కూర్చుని ఉంది. బాగా చిక్కిపోయింది. వెంకటరమణమ్మ దేవుడి మీద ప్రమాణం చేసి బోనులో నిలబడింది. సుగుణమ్మ తరఫు లాయరు సామేలు మెల్లగా మొదలుపెట్టాడు.

"మీ భర్తగారు యూనివర్సిటీ ఆఫీసులో పనిచేసేవారు కదమ్మా?"

"నిజం కాదు" అంది వెంకటరమణమ్మ.

హాలంతా గొల్లున నవ్వింది. జడ్జిగారు కూడా పెదవులు బిగబట్టుకున్నారు. "కంగారు పడకండమ్మా, ప్రశ్న వినండి" అన్నారు. రాంచందర్ నుదురు పట్టుకున్నాడు. వెంకటరమణమ్మ నీళ్లు తాగి, పనిచేశారని ఒప్పుకుంది.

సామేలు ఇంకో రెండు ప్రశ్నలు వేసి అసలు దానికి వచ్చాడు. "ఇమ్మానుయేలుగారి అనుమతి అడిగి, వారు సరేనన్నాకే మీరు ఆ మెట్లు కట్టారు. అవునా, కాదా?"

అడిగేశాక అతను అప్పుడే తర్వాతి కాగితం తిప్పుతున్నాడు. కాదనే జవాబే వస్తుందని అతని లెక్క. శశిభూషణ్ తల్లి ముఖంలోకే చూస్తున్నాడు. వెంకటరమణమ్మ కొడుకును చూసింది, సుగుణమ్మను చూసింది. సుగుణమ్మ తల దించుకుని ఉంది.

"అడిగాను" అంది వెంకటరమణమ్మ. "అడక్కుండా ఎలా కడతాం బాబూ? అన్నయ్యగారు అన్నం తింటూ కట్టుకోమన్నారు. వదిన కూడా సరేనంది. ఆ స్థలం వాళ్లదే. అడగలేదని కాగితంలో ఉంటే అది నేను చదవకుండా పెట్టిన సంతకం."

శశిభూషణ్ లేచి బయటికి వెళ్లిపోయాడు. జడ్జిగారు ఆమె చెప్పింది రాయించి, కలం కింద పెట్టారు. వచ్చే వాయిదాలోగా రెండు కుటుంబాలూ కూర్చుని మాట్లాడుకుని రమ్మన్నారు. వరండాలో రాంచందర్ నెత్తి గోక్కున్నాడు. "కేసు ముంచినవు గదమ్మా! గిప్పుడు పోయి వాళ్లను అడుగుడే మిగిలింది."

శశిభూషణ్ తల్లితో మాట్లాడటం మానేశాడు. కాఫీ తెచ్చిన శ్రీలలిత కూడా గ్లాసు పెట్టేసి వెళ్లిపోయేది. అటు వదిన, ఇటు కొడుకు. ఇద్దరూ లేకుండా పోయారని వెంకటరమణమ్మ కుమిలిపోయింది. చెప్పినందుకు మాత్రం ఒక్కసారి కూడా బాధపడలేదు. చివరికి ఒకరోజు కొడుకు స్కూటీ తీస్తుంటే అడ్డం వెళ్లి నిలబడింది.

"వెళ్లి అత్తను అడగరా."

"నేను పోయి అడుక్కోవాలా?"

"అడుక్కోమనలేదు. అడగమన్నాను. మీ నాన్నా నేనూ సిగ్గుపడలేదు, నీకెందుకు సిగ్గు?"

అతను స్కూటీని పక్కకు తిప్పుకుని వెళ్లిపోయాడు. అయితే సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చినవాడు తిన్నగా ఇంట్లోకి రాలేదు. హెల్మెట్ చేత్తో పట్టుకుని సుగుణమ్మ గేటు తీశాడు. వెంకటరమణమ్మ గబగబా మెట్లెక్కి సగంలో నిలబడింది. అక్కడ నిలబడితే సుగుణమ్మ వంటింటి కిటికీలోంచి మాటలన్నీ వినిపిస్తాయి.

"ఆంటీ, స్థలం మీదే. రాసిస్తం. మెట్లు మాత్రం ఉండనియ్యండి" అంటున్నాడు శశిభూషణ్.

లోపల స్టవ్ కట్టేసిన చప్పుడైంది. తర్వాత సుగుణమ్మ గొంతు వచ్చింది. "రెండున్నర అడుగుల కోసం కాదు నాయనా నేను ఏడ్చింది. మీ మామయ్య ఇష్టంగా ఇచ్చాడు. అడక్కుండా లాక్కున్నామని మీరు రాశారు. మనిషి పోయాక ఆయన మంచితనం కూడా లేకుండా చేశారు. మొన్న మీ అమ్మ ఆయన్ని మళ్లీ మనిషిని చేసింది."

"తప్పయింది అత్తా" అన్నాడు శశిభూషణ్. వాడు చిన్నప్పుడు పిలిచిన పిలుపు అది.

"జాన్సన్‌కి నేను చెప్పుకుంటాలే, ఇల్లు నా పేరునే ఉంది. వచ్చే వాయిదాకు రాజీ అని సంతకాలు పెట్టేద్దాం. స్థలం మాదని, మెట్లు మీవని రాయించు. ఈసారి మీ అమ్మకు చదివి వినిపించు."

వెంకటరమణమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కిటికీ రెక్క తెరుచుకుంది.

"ఏం వదినా, మోకాళ్ల నొప్పులు పెట్టుకుని మెట్ల మీద నిలబడి వినకపోతే లోపలికి రాకూడదూ?" అంది సుగుణమ్మ.

వెంకటరమణమ్మ చెప్పులు కూడా వేసుకోకుండా దిగి వెళ్లింది.