వాల్వులు పీకేసిన ఆంప్లిఫయర్

మా మామ, అంటే అమ్మ తమ్ముడు, తమిళనాడులో కోవిల్‌పట్టి చుట్టుపక్కల పెళ్లి కచేరీలకు గిటారు వాయించేవాడు. వేళ్లు బిగుసుకుపోయి వాయించడం మానేశాక తన వాల్వుల ఆంప్లిఫయర్ నాకిచ్చేశాడు. స్విచ్ వేయగానే పలికేది కాదది. వెనకవైపు గాజు వాల్వులు ఎర్రబడి, వేడెక్కాకే మెల్లగా గొంతు విప్పేది. తీగె మృదువుగా మీటితే తేటగా పలికేది. గట్టిగా మీటితే లోపలికి కరెంటు అందించే వాల్వు ఒక్క క్షణం తడబడి, స్వరం అణిగి మళ్లీ ఉబ్బేది. ట్రెమొలో మీట తిప్పితే సన్నగా వణికేది. అందుకే నాకు అదంటే పిచ్చి.

దానికున్న రోగం ఒకటే, గుయ్‌మనే మోత. కరెంటును చదును చేసే కెపాసిటర్లు ఎండిపోయాయని నాకు తెలుసు. కానీ కోవిల్‌పట్టిలో ఎవరూ దాన్ని ముట్టుకోలేదు. విరుదునగర్‌లో మిర్చి మండీల వెనక ఒక రేడియో మెకానిక్ ఉన్నాడంటే, బస్సులో కాళ్ల మధ్య పెట్టుకుని మోసుకెళ్లాను. మాలాగే ఆయనదీ తెలుగిల్లే.

"అన్నా, కెపాసిటర్లు మాత్రం మార్చండి. వేరే ఏమీ తాకొద్దు" అని ఒకటికి రెండుసార్లు చెప్పాను.

"సరి తంబీ, నేను చూసుకుంటా, పోయిరా."

మళ్లీ వెళ్లి స్విచ్ వేస్తే వెంటనే పలికింది. వేడెక్కే వ్యవధే లేదు. వెనక చూస్తే వాల్వుల చోట అరచేయంత పచ్చ బోర్డు.

"వాల్వులేమైనాయన్నా?"

"అవి పాతకాలంవి తంబీ. ఇప్పుడు చూడు, గుయ్యనే సత్తమే లేదు."

"ట్రాన్స్‌ఫార్మర్?"

"పాత ఇనుమోనికి వేసేస్తిని. ఏం బరువు!"

వాల్వుల్ని మాత్రం ప్లాస్టిక్ కవర్లో వేసి చేతికిచ్చాడు. వాల్వులకీ స్పీకరుకీ మధ్య ఉండే ఆ ట్రాన్స్‌ఫార్మర్ లేకపోతే అవి ఉత్త గాజు బుడ్లు. ఇనుము కొట్టుకు పరిగెత్తాను. రాగి తీగ అప్పటికే విప్పేశారు. కోవిల్‌పట్టిలో మోటార్లకు తీగ చుట్టే కొట్లన్నీ తిరిగాను.

"పాతది తెచ్చి చూపిస్తే చుట్టేది. సుమ్మా, ఏమీ చూడకుండా ఎట్ల చుట్టేది?" అన్నారు. వాళ్లన్నదీ నిజమే. చూపించడానికి నా దగ్గర ఏముంది?

చివరికి మామకు చెప్పక తప్పలేదు. ఆయన కోప్పడాలనే కోరుకున్నాను. నాతో కలిసి ఆ మెకానిక్‌ను తిట్టే మనిషి ఒకరు కావాలనిపించింది. ఆయన గిటారు తగిలించుకుని, బిగుసుకున్న వేళ్లతో కాసేపు మీటి, నవ్వాడు.

"ఆ గుయ్యనే సత్తం పోయిందే! మైకు దెగ్గిర మూతి పెడితే చుర్రుమనేది, తెలుసునా? ఎన్ని పెళ్లిండ్లలో షాకు కొట్టిండాదో! ఇది బాగుండాది."

"ఆ పాత గొంతు లేదు కద మామా?"

"నువ్వు ఎదర కూచుని వింటివి. నేను దాని పక్కన నిలబడి భయపడితిని."

ఆంప్లిఫయర్ ఆయన దగ్గరే వదిలేసి వచ్చాను. ఇప్పుడు రోజూ సాయంత్రం వాయిస్తున్నాడని అమ్మ సంతోషంగా చెబుతుంది. మంచిదే. కాని వాళ్లింటికి వెళ్లినప్పుడల్లా, గట్టిగా మీటిన చోట కూడా ఆ స్వరం అణగక, ఉబ్బక, రేకు డబ్బాలా మోగుతుంటే పళ్లు కొరుక్కుంటూ కూర్చుంటాను. "బాగుంది మామా" అనడం మాత్రం ఇంతవరకు నా వల్ల కాలేదు.