తాగని మత్తు

హెలికాప్టర్ మమ్మల్ని మంచు మీద దించి, రెక్కలు ఆపకుండనే తిరిగిపోయింది. ఎదురుంగ మా ఫౌజు పోస్టు. రెండు తెల్ల గుడారాలు, ఒక గుడిసె, ఒక వైర్‌లెస్ కంబం. ఎండ కొడుతుండె గని వేడి లేదు. నా వీపున బ్యాగు, చేతిల మంచుగొడ్డలి. కింద క్యాంపుల నా ఛాతి దగ్గుకు గట్టి మందులు మింగించి, తగ్గంగనే పైకి పంపిండ్రు.

నాది ఇబ్రహీంపట్నం. మా అబ్బా బోరు మోటార్లు బాగుచేసేటోడు. మా ఇంట్ల తాగుడు లేదు. పోస్టుల చలికి రమ్ము ఇస్తరు. నా వంతు మా హవల్దార్ సాబ్ గ్లాసుల పోసేటోణ్ని. ఆయన కోస్తా మనిషి, మీర్‌పేట్‌ల ఇల్లు కట్టుకున్నడు. పోస్టు మొత్తానికి తెలుగు మాట్లాడేది మేమిద్దరమే.

"ఏరా ఖాజా, పుణ్యం నీకు, కిక్కు నాకా?" అని నవ్వేటోడు.

పైన తాజా కూర దొరకదు. అన్నం, ఆలుగడ్డ, బిస్కెట్లు, డబ్బాల తియ్యటి పాలు. కొన్ని వారాలైనంక, తిన్నప్పుడల్లా నాకు తల తిరుగుడు మొదలైంది. మాట ముద్దయ్యేది. అంత ఎత్తుల గాలి పడతలేదనుకున్నరు అందరు. కిందికి పంపుతరేమోనని భయపడి, "జర తలనొప్పి, గంతే" అన్న. గా మాట నాదే. ఎవ్వరు అనిపియ్యలే.

ఒకనాడు విమానం జారవిడిచిన కిరసనాయిలు డబ్బాలు గట్టు కింద పడ్డయ్. తెమ్మని హవల్దార్ సాబ్‌కు, నాకు ఆర్డర్ వచ్చింది. కడుపు నిండ అన్నం తిని బయలుదేరినం. నడుముకు ఒకటే తాడు. ఆయన ముందు, నేను ఎనక. డబ్బాలు తీసుకుని తిరిగి గట్టు ఎక్కుతుంటే నా కాళ్లు నా మాట వినలే. పడ్డ. మంచు చీలిక దిక్కు జారుకుంట పోతున్న. చెప్పడానికి సిగ్గైతది, నాకప్పుడు నవ్వొచ్చింది.

తాడు గుంజుకుని ఆగింది. ఆయన గొడ్డలి మంచుల దిగ్గొట్టి, దాని మీద పండుకున్నడు. తాడును గొడ్డలికి ముడి వెయ్యాలె. గ్లౌజుతోని ముడి పడదు. పండ్లతోని కుడిచేతి గ్లౌజు లాగిండు. గాలి దాన్ని కొట్టుకపోయింది.

ఆయన వైర్‌లెస్‌ల మా పోస్టు పెద్ద, సుబేదార్ సాబ్ గొంతు ఇనబడ్డది. "ఎంతసేపు పట్టుకోగలవ్?"

"మీరొచ్చేదాకా సాబ్."

వాళ్లు వచ్చేదాకా పట్టుకున్నడు. నన్ను పైకి గుంజినంక సుబేదార్ సాబ్ ఊపిరి చూద్దామని వంగి, చప్పున వెనక్కి జరిగిండు.

"ముహ్ ఖోల్."

నోరు తెరిచిన. సారా వాసన.

విచారణకు హవల్దార్ సాబ్ మంచుకు నల్లబడ్డ కుడిచేతి వేళ్లకు కట్టుతోని వచ్చిండు. "వాడు తాగడు సార్. వాడి వంతు నేనే తాగుతాను," అన్నడు. నన్ను కాపాడనీకి అన్న మాట ఆయనకే చుట్టుకుంది. వేరేటోని రమ్ము తాగుడు తప్పని ఆయన ప్రమోషన్ ఆపిండ్రు. నన్ను నౌకరి నుంచి తీసేసిండ్రు.

ఇంటికొచ్చిన. అబ్బా నా దగ్గరికి వచ్చి ముక్కు మూసుకున్నడు. "నా దస్తర్‌ఖాన్ మీద తిండికి కూసోకు." గంతే. మళ్ల మాట్లాడలే.

అప్పట్ల సాగర్ రోడ్డు పొడుగూత ప్లాట్లు పడుతుండె. జొన్న చేన్ల రంగు రాళ్లు పాతుతుండ్రి. ఒక వెంచర్ గేటు కాడ కావలికి కుదిరిన. తాగొచ్చినవని ఆడ కూడ ఎల్లగొట్టిండ్రు. నేనే నా మీద అనుమానపడ్డ. నాకు తెల్వకుంట తాగుతున్ననా?

రంజాన్ నెలల మా ఆపా, మా అక్క, అసలు సంగతి పట్టింది. "రోజా ఉన్నంతసేపు మంచిగుంటవ్. ఇఫ్తార్ చేసినంక తూలుతవ్. నడువ్, దవాఖానకు పోదాం."

డాక్టరమ్మ నన్ను ఒక గదిల కూసోబెట్టి, నర్సును కావలి పెట్టి, గ్లూకోజు నీళ్లు తాపిచ్చింది. మాటిమాటికి రక్తం తీసిండ్రు. ఒక్క చుక్క మందు ముట్టలే, రక్తంల మత్తు పెరుగుకుంటనే పోయింది.

"చాలా అరుదైన జబ్బు," అన్నది. "నీ కడుపులో ఈస్టు పేరుకుంది. బహుశా ఆ దగ్గు మందుల తర్వాతే. పిండి పులిసినట్టు నువ్వు తిన్న అన్నం లోపలే సారా అవుతోంది. నీ తప్పేం లేదు."

ఆపా ఏడ్చింది. ఇంటికి పోయి చెప్తే అబ్బా విప్పిన మోటారు అట్లనే ఇడిసి లేచిండు. ఆ పూట దస్తర్‌ఖాన్ మీద తన పక్కన చోటు చూపిచ్చిండు. అన్నం లేదు నా పళ్లెంల, గుడ్లు, కూర. నీ తప్పు లేదంటే సరిపోతదా? "జర తలనొప్పి" అన్ననాడు నిజం చెప్పి ఉంటే, ఆ తాడుకు నన్ను కట్టకపోదురు.

మందులు పనిచేసి జర కుదుటపడ్డంక మీర్‌పేట్ పోయిన. హవల్దార్ సాబ్ తలుపు తీసిండు. జబ్బు సంగతి మొత్తం చెప్పిన. ఆయన ఆశ్చర్యపోలే.

"నువ్వు తాగలేదని నాకు అప్పుడే తెలుసు కదరా."

"తల తిరుగుతదని నేను దాచిన సాబ్."

ఆయన కిటికీల నుంచి బయటికి చూసిండు. "పద, బస్సు దాకా వస్తాను," అని లేచి ఎడమచేత్తోనే అంగీ తొడుక్కున్నడు.

గంతల ఆయన భార్య లోపలి నుంచి వచ్చింది. నీళ్ల ట్యాంకర్ ఇంకా రాలేదని పక్కింటామెతోని గోడ మీదికెళ్లి మాట్లాడుకుంటనే, ఆయన దిక్కు చూడకుంటనే, కింది నుంచి మీది దాకా అంగీ గుండీలు ఒక్కొక్కటి పెట్టింది. ఆయన గడ్డం జర పైకెత్తి, చిన్న పిల్లగాని తీరు కదలకుంట నిలబడ్డడు.