ఎదురింటి వైపు అద్దం

వీర్రాజుకు మొదటిసారి గుండెనొప్పి వచ్చి తగ్గిన కొత్తలోనే అతని భార్య నాగేశ్వరి ఆ అద్దం కొంది. ఎనిమిది పలకల చెక్క, దాని మీద ఎరుపూ పసుపూ ఆకుపచ్చా గీతలు, నడుమ ఉబ్బెత్తుగా చిన్న గుండ్రటి అద్దం. ఇల్లు చూడటానికి వచ్చిన వాస్తు ఆయన గుమ్మంలో నిలబడి ఎదురింటి వైపు వేలు చూపించాడు.

"ఆ మెట్ల మూల సూటిగా మీ గుమ్మాన్ని పొడుస్తోందమ్మా. ఎదురుగా ఫెంగ్‌షుయ్ అద్దం కట్టండి. వచ్చే చెడు వచ్చినట్టే వెనక్కి పోతుంది."

ఆ మెట్లు పెంటయ్య కొత్తగా కట్టించుకున్నవి. పటాన్‌చెరు అవతల ఈ కాలనీ అంతా ఒకప్పుడు పెంటయ్య వాళ్ళ జొన్న చేలు. ప్లాట్లుగా అమ్మగా మిగిలిన జాగాలో ఇల్లు కట్టుకుని, బొంతపల్లి వైపు ఒక మందుల ఫ్యాక్టరీలో పనికి పోతున్నాడు. పైన గదులు వేసి ఒడిశా పనివాళ్ళకు కిరాయికిచ్చాడు. వీర్రాజుది కాకినాడ దగ్గర పల్లె. సర్కారు ప్లాంటులో ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. ఈ కొత్తచోట నాగేశ్వరిని ముందుగా నోరారా పలకరించింది పెంటయ్య భార్య దేవమ్మే. ఈ ఇంటి గోంగూర పచ్చడి అటూ, ఆ ఇంటి సర్వపిండి ఇటూ రోడ్డు దాటుతూ ఉండేవి.

అద్దాన్ని నాగేశ్వరి దేవుడి పటాలకన్నా శ్రద్ధగా చూసుకునేది. ఫ్యాక్టరీల మసి ఆ కాలనీలో దేన్నీ శుభ్రంగా ఉండనివ్వదు. ప్రతి శుక్రవారం స్టూలెక్కి, ఉప్పునీళ్ళలో తడిపిన గుడ్డతో తుడిచి, పొడిగుడ్డతో అద్ది దిగేది. వీర్రాజును కూడా ముట్టుకోనిచ్చేది కాదు. వానాకాలం పోయేసరికి వెనక పూత లేచి అద్దం మీద నల్లమచ్చలు పడ్డాయి. మచ్చపడితే దాని శక్తి పోయినట్టేననీ, అలాగని చెత్తలో వెయ్యకూడదనీ వాస్తు ఆయన ముందే చెప్పాడు. ఎర్రగుడ్డలో చుట్టి మంజీర నదిలో వదిలేసి, సంగారెడ్డిలో ఇంకోటి కొంది. ఈసారిది పళ్ళెమంత ఉంది.

మొదటిది చిన్నది, దేవమ్మ కంట్లో పడలేదు. ఇది కడుతుంటే తన గేటు దగ్గర నిలబడి చూసింది.

"గిదేంది వదినా, మా ఇంటి దిక్కు వెట్టినవ్?"

"ఏదైనా చెడు వస్తే ఆపుతుందంట వదినా. మా ఆయన ఆరోగ్యం కోసం."

"ఆపి, ఏడికి పంపుతది?"

నాగేశ్వరి నవ్వేసింది. దేవమ్మ కూడా నవ్వి లోపలికి పోయింది.

ఎండలు ముదరకముందే ఫ్యాక్టరీలో డ్రమ్ము దించుతుంటే అందులోని రసాయనం అంటుకుంది. పక్కనే ఉన్న పెంటయ్యకు ఛాతీ, చేతులు కాలిపోయాయి. హైదరాబాద్ ఆస్పత్రిలో చేర్చారు. అదే వారం వీర్రాజుకు మళ్ళీ నొప్పి వచ్చింది. సోమవారం స్టెంటు వెయ్యాలన్నారు.

శుక్రవారం పొద్దున, ఆస్పత్రికి పోతూ దేవమ్మ వచ్చింది. చేతిలో టిఫిన్ డబ్బా ఉంది.

"వదినా, నీ కాళ్ళు మొక్కుత, జెర గా అద్దం తియ్యి. నాకు గివన్నీ ఎరుక లేదు. ఆయన మంచిగయ్యేదాంక తియ్యి, మల్ల కట్టుకో."

"తీస్తాలే వదినా. సోమవారం ఈయనకు స్టెంటు వేస్తారు కదా. ఇంటికి రాగానే నేనే తీసేస్తాను."

"గప్పటిదాంక ఆగాల్నా?"

దేవమ్మ కాసేపు చూసి ఆటో ఎక్కింది.

నాగేశ్వరి స్టూలు తెచ్చుకుంది. మేకు దాకా చెయ్యి పోయింది. లోపల మంచం మీద వీర్రాజు దగ్గాడు. ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. ఎలాగూ ఎక్కాను కదా అని, ఎప్పట్లాగే ఉప్పునీళ్ళతో తుడిచి దిగింది.

వీర్రాజుకు స్టెంటు బాగానే పడింది. ఇంటికొచ్చిన మర్నాడే ఎదురింటికి పెంటయ్య శవం వచ్చింది. వాకిలి నిండా జనం. అంబులెన్సు ఆగకముందే నాగేశ్వరి స్టూలెక్కి అద్దం పీకేసింది. వీధి వీధంతా చూసింది.

దినాలకు వెళితే దేవమ్మ తలెత్తలేదు. తర్వాత ఆమెకు అదే ఫ్యాక్టరీలో ప్యాకింగు పని ఇచ్చారు. పొద్దున్నే బస్సెక్కి పోవడం, మాపటికి రావడం. ఒక సాయంత్రం బస్సు దిగుతుంటే నాగేశ్వరి ఎదురెళ్ళింది.

"వదినా, ఆ అద్దం వల్లే జరిగిందని నిజంగా అనుకుంటున్నావా?"

"అద్దం ఏం జేస్తది? డ్రమ్ము అంటుకున్నది. గది నాకెరుకనే." దేవమ్మ గొంతు పెంచలేదు. "గని నువ్వు నమ్మినవ్ గద వదినా. చెడ్డది మా ఇంటికే వస్తదని నమ్మి కూడ, తియ్యకపోతివి."

కొంగుతో మొహం తుడుచుకుని గేటు తీసుకుని లోపలికి పోయింది. నాగేశ్వరి రోడ్డు మధ్యలో, లారీ హారన్ కొట్టేదాకా నిలబడింది.

"గుమ్మం బోసిగా ఉంది. కొత్త అద్దం తెచ్చుకోకూడదూ?" అన్నాడు వీర్రాజు, ఆ రాత్రి అన్నం తింటూ. అతనికి ఈ సంగతేదీ తెలియదు.

"వద్దండి," అని మజ్జిగ పోసింది.

ఆ తర్వాత ఆమె పొద్దున్నే వాకిట్లోకి రావడం మానేసింది. ఫ్యాక్టరీ బస్సు వెళ్ళిపోయిన చప్పుడు విన్నాకే చీపురు పట్టుకుని తలుపు తీస్తుంది.