గేటుకు తగిలించిన పచ్చిపులుసు

అమ్మ పోయిన పదకొండో రోజు కార్యం అయిపోయింది. చుట్టాలందరూ వెళ్ళిపోయాక పద్మారావు నగర్ ఇంట్లో నేనూ, నాన్నా మిగిలాం. పదిమంది మధ్యలో ఎవరూ పట్టించుకోని సంగతి ఆ మర్నాడు నా కంటపడింది. నాన్న అన్నం తినడం లేదు. కంచం ముందు కూర్చుంటాడు, రెండు ముద్దలు కలుపుతాడు, చెయ్యి కడిగేసుకుంటాడు.

"ఆకలైతలేదు బిడ్డా. నువ్వు తిను."

చిలకలగూడలోని మా ఇంటినీ పిల్లల్నీ మా ఆయనకు అప్పగించి, మూడు వారాలు ఇక్కడే పొయ్యి దగ్గర నిలబడ్డాను. దొండకాయ వేపుడు, కోడికూర, చివరికి చంటిపిల్లలకు పెట్టే పప్పన్నం. బతిమాలాను, అరిచాను కూడా. అమ్మ కోపం నాకు అచ్చంగా వచ్చింది గానీ, అమ్మ చేతివంట రాలేదు. ఒకరోజు నాన్న మేకుతో బెల్టుకు కొత్త రంధ్రం పొడుచుకోవడం చూశాను. ఈయన కూడా అమ్మ వెనకే వెళ్ళిపోతాడేమోనని భయం. ఎవరితోనూ అనలేదు.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం గేటు కొక్కేనికి గుడ్డసంచి వేలాడుతూ కనబడింది. లోపల స్టీలు డబ్బా, అందులో పచ్చిపులుసు. మేనత్త పంపిందేమో అనుకుని వడ్డించాను. నాన్న ఒక ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయాడు. ఇదీ వద్దంటాడు కాబోలు అనుకున్నాను. కంచం ఖాళీ చేసి, "ఇంకింత అన్నం వెయ్యి" అన్నాడు.

నేనూ కొంచెం అరచేతిలో పోసుకుని నాకి చూశాను. అమ్మదే! అందరూ ఉల్లిగడ్డ పచ్చిది వేస్తారు. అమ్మ మాత్రం పొట్టుతోనే మంట మీద నల్లగా కాల్చి, ఒలిచి, ఉప్పేసి చేత్తో పిసికి చింతపండు పులుసులో కలిపేది. ఆ పొగవాసన ఇంకెవరింట్లోనూ నేనెరగను.

మేనత్తకు ఫోన్ చేస్తే "నేను పంపలే" అంది. చిన్నమ్మదీ అదే మాట. మర్నాడు మళ్ళీ సంచి. మూడో రోజు బట్టలు ఆరేయడానికి డాబా ఎక్కితే, పక్కింటి వంటింటి కిటికీలోంచి ఉల్లిగడ్డ కాలుతున్న వాసన.

పక్కింటి ఆంటీ! ఎవరైనా కావచ్చనుకున్నాను గానీ ఆమె అయ్యుంటుందనుకోలేదు. వాళ్ళు కోస్తా నుంచి ఉద్యోగానికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. తొమ్మిదేళ్ళ కిందట వాళ్ళ మునగచెట్టు గొంగళిపురుగులు మా వాకిట్లో రాలుతున్నాయని అమ్మ కొమ్మ కొట్టెయ్యమంది, ఆమె ససేమిరా అంది. అంతే, మాటలు బంద్. ఆ పురుగులు నన్నేమీ చెయ్యకపోయినా, అమ్మ తరఫున నేనూ మాట్లాడటం మానేశాను.

ఒళ్ళు మండింది. ఈ దొంగచాటు వ్యవహారమేమిటి? గబగబా వెళ్ళి తలుపు కొట్టాను.

"ఏంది ఆంటీ, చెప్పకుండ గిట్ల తగిలించిపోతరా?"

ఆమె వేళ్ళకు ఇంకా మసి ఉంది. "చెబితే తింటారో తినరో అని భయమేసిందమ్మా. మీ నాన్నగారు చిక్కిపోవడం రోజూ చూస్తున్నాను. ఈ పులుసు మీ అమ్మ నేర్పిందే. ఆవిడతో మాటలు మానేశాను గానీ ఇది మానలేకపోయాను. మీరు తినే దోసావకాయ నేను నేర్పిందే, తెలుసా?"

తెలియదు. అమ్మ ఒక్కనాడూ చెప్పలేదు, మహాతల్లి!

"ఆవిడ పోయిన రోజు మీ గేటు దాకా వచ్చాను. ఏమంటారోనని వెనక్కి వెళ్ళిపోయాను" అంటూ ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

కొట్లాడటానికి వెళ్ళినదాన్ని, ఆమె గడపలోనే భోరుమన్నాను. "ఇయ్యాల మీరే వచ్చి నాన్నకు వెయ్యండి" అన్నాను. అన్నానే గానీ, గిన్నె పట్టుకుని ఆమె నా వెంట నడుస్తుంటే ఒకటే అనుమానం. ఈమెను చూసి నాన్న కంచం ముందు నుంచి లేచిపోతే? ఇన్నాళ్ళకు కడుపులో పడుతున్న నాలుగు ముద్దలూ నా నిర్వాకం వల్ల ఆగిపోతే?

నాన్న అప్పుడే భోజనానికి కూర్చున్నాడు. ఆమె గుమ్మంలోనే నిలబడి "అన్నయ్యగారూ..." అంది.

"నాకు ఎర్కనే చెల్లె" అన్నాడు నాన్న. "మొదటి ముద్దకే ఎర్కైంది. గిది నీకు తప్ప ఎవ్వలికి నేర్పలే ఆమె. నువ్వు తిన్నవా?"

ఆమె లేదన్నట్టు తలూపింది.

"ఇంకో కంచం తే బిడ్డా" అన్నాడు నాతో. "చెల్లె తినలేదంట."

మూడు వారాలుగా తిను తిను అని నేను ప్రాణం తీసిన మనిషి, ఇంకొకరిని తిన్నావా అని అడుగుతున్నాడు. అమ్మయ్య అనుకున్నాను. ఇద్దరికీ వడ్డించి లేవబోతే కళ్ళు తిరిగాయి. నేనూ ఇన్నాళ్ళుగా సరిగ్గా తినలేదని అప్పుడు తట్టింది. ఇంకో కంచం తెచ్చుకుని వాళ్ళ పక్కన కూర్చున్నాను.