డాక్టరుగారి సమాధిలో తుమ్మరెమ్మ

మొన్న ఏలూరు వెళ్తుంటే దెందులూరు దాటాక బస్సు ఆగిపోయింది. డ్రైవరు దిగి ఇంజనును తిట్టడం మొదలుపెట్టాడు. రాత్రి వానకు తడిసిన తుమ్మచెట్టొకటి నా కిటికీని ఆనుకుని ఉంది. పసుప్పచ్చటి పూలు, తడి బెరడు వగరు వాసన. నా కుడి అరచెయ్యి దానంతటదే ముడుచుకుపోయింది. "ఏవండీ, ఒంట్లో బాగోలేదాండీ?" అని పక్కనున్నావిడ అడిగింది. బాగానే ఉందన్నాను. జీవరత్నం డాక్టరుగారు గుర్తొచ్చారని ముక్కూమొహం తెలియని మనిషికి ఎక్కణ్ణుంచి మొదలుపెట్టి చెప్పను?

మాది కొల్లేట్లో చేపలు పట్టుకు బతికే కుటుంబం. పంతొమ్మిదివందల ముప్పైల నాటి మాట ఇది. పెళ్లయిన కొత్తలోనే నా భర్త కలరాతో పోయాడు. ఆ జబ్బును నేనే వెంటబెట్టుకొచ్చానని అత్తవారు నా మొహాన తలుపేశారు. వైద్యానికి దోనెలో వచ్చిన డాక్టరుగారు నన్ను ఏలూరు తీసుకెళ్లి, తన ఆసుపత్రిలో నర్సు పని నేర్పారు. నేనా, ఉత్త పిరికిదాన్ని. రోగి మూలిగితే చాలు, నా చేతిలో గిన్నె గడగడలాడేది. మొదటిసారి కలరా మంచం దగ్గర నిలబెట్టినప్పుడు "భయమేస్తోందండీ" అని ఏడ్చేశాను. ఆయన కోప్పడలేదు. "వెయ్యనీ అమ్మా. భయపడుతూనే చేతులు కడుక్కో. భయపడుతూనే నీళ్లు పట్టు" అన్నారు. భయపడొద్దని చెప్పేవాళ్లను నా జీవితంలో బోలెడుమందిని చూశాను. భయపడమని చెప్పి పని చేయించుకున్న మనిషి ఆయనొక్కరే.

అటువంటి మనిషి గురించి కూడా ఊరు ఒక మాట గుసగుసలాడేది. ఆయన లాడ్జిలో సభ్యుడు. ఇప్పటివాళ్లకు లాడ్జి అంటే గదులు అద్దెకిచ్చే చోటు. అది వేరు. కులం, మతం చూడకుండా ఒకరినొకరు అన్నదమ్ములుగా పిలుచుకునే పెద్దమనుషుల సంఘం. తలుపులు మూసుకుని సమావేశమయ్యేవారు, లోపలి సంగతి బయట చెప్పేవారు కాదు. వాళ్లు చెప్పకపోతే ఊరు ఊరుకుంటుందా? దానికి తలకాయల బంగళా అని పేరు పెట్టింది. అందులో చేరినవాడు పోయాక తల వాళ్ల సొత్తట, ఆత్మను అక్కడే కట్టేస్తారట. నేను నమ్మాను. ఆ వీధి తప్పించుకుని చుట్టూ తిరిగి వెళ్లేదాన్ని. డాక్టరుగారి భార్య సుగుణమ్మగారూ నమ్మారు. ఆ బంగళా కూలిపోవాలని ఆవిడ ప్రార్థన చేసేవారేమోనని నా అనుమానం.

ఆ ఏడు వానల్లో కొల్లేటి ఊళ్లలో కలరా మళ్లీ లేచింది. వైద్యానికి వెళ్లిన డాక్టరుగారు ఆ జబ్బుతోనే తిరిగొచ్చారు. కళ్లు గుంటలు పడి, గొంతు పీలగా అయిపోయింది. నన్ను దగ్గరకు పిలిచారు.

"నన్ను సాగనంపడానికి మా లాడ్జి వాళ్లు వస్తారు. వాళ్ల పద్ధతి జరగనివ్వాలి, అది నా కోరిక. అమ్మగారు బెదిరిపోతుంది. నువ్వు పక్కనుండు."

"నాకూ భయమేనండీ."

"తెలుసు. భయపడుతూనే ఉండు."

మర్నాడు పోయారు. సుగుణమ్మగారు ఏడుస్తూనే పెట్టెకు గబగబా మేకులు కొట్టించారు. తల ఎత్తుకుపోకుండా అని నాకు తెలుసు. కాని పెట్టె మొయ్యడానికి ఒక్కరూ ముందుకు రాలేదు. కలరా శవం. ఆయన బతికించినవాళ్లే వీధి అవతల నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుని నిలబడ్డారు. పాస్టరుగారు కూడా గేటు దాటి రాలేదు.

అప్పుడొచ్చారు లాడ్జి వాళ్లు. నల్లకోట్లు, నడుముకు తెల్లటి తోలు ఆప్రాన్లు, చేతులకు తెల్ల గ్లోవ్సు. నేను సుగుణమ్మగారి పక్కకు జరిగి నిలబడ్డాను. ముందు నడిచినాయన తాడేపల్లిగూడెంలో బియ్యం వ్యాపారం చేసే శెట్టిగారు. పరాయివాళ్ల శవం తాకితే ఆయన ఇంట్లోవాళ్లు గుమ్మం ఎక్కనిస్తారో లేదో. అయినా ఆయన వంగి పెట్టెకు భుజం ఇచ్చారు. మిగతావాళ్లూ అందుకున్నారు.

సమాధుల తోటలో పెట్టెను గోతిలోకి దించి, పాస్టరుగారు దూరం నుంచే ప్రార్థన ముగించాక, వాళ్లు వరసగా నిలబడ్డారు. శెట్టిగారు సంచిలోంచి తుమ్మరెమ్మలు తీశారు. మా వైపు పురిట్లో పోయినవాళ్ల గోతిలో తుమ్మకంప వేస్తారు, దయ్యమై లేవకుండా. సుగుణమ్మగారికీ ఆ సంగతి తెలుసు.

"ముళ్లు వేస్తున్నారే! ఆయన్ను దయ్యం కింద కట్టేస్తున్నారే!" అంటూ గోతికి అడ్డం పడ్డారు. గోడ అవతల జనం కేకలు పెట్టారు. ఎవడో రాయి విసిరాడు.

శెట్టిగారి గొంతు వణికింది. "కాదమ్మా. ఎంత ఎండినా, ఎంత మునిగినా చావని చెట్టండీ ఇది. మా అన్న పోలేదని చెప్పడానికి వేస్తాం. ముళ్లన్నీ నేనే గిల్లేశానమ్మా."

ఆయన గ్లోవ్సు వేళ్ల దగ్గర ఎర్రటి చుక్కలు కనిపించాయి. ఆ మనిషి కూడా భయపడుతున్నాడని అప్పుడు తెలిసింది నాకు. జనానికి, కలరాకు, ఇంటికి వెళ్లాక వినబోయే మాటలకు. అయినా కదల్లేదు. నేను చెయ్యి చాచి ఒక రెమ్మ అడిగి తీసుకున్నాను. సుగుణమ్మగారి ముందు కూర్చుని, మొదలు నుంచి చివరదాకా వేళ్లతో నిమిరి, గుప్పిట్లో గట్టిగా పట్టుకున్నాను.

"చూడండమ్మగారూ. ఒక్క ముల్లూ లేదండీ."

ఆవిడ నా మొహంలోకి చాలాసేపు చూశారు. నేను రెప్ప వెయ్యలేదు. ఆఖరికి పక్కకు జరిగి "వెయ్యనీ" అన్నారు. ఆ రెమ్మ నేనే వేశాను. తర్వాత వాళ్లంతా ఒక్కొక్కరే వేశారు.

ఆ తర్వాత కొల్లేటి ఊళ్లన్నీ నర్సుగా తిరిగాను. భయపడని రోజు లేదు. పడవ దిగే ముందు కుడి గుప్పిట ఒకసారి బిగించి వదిలేదాన్ని. అరచేతి మధ్యలో చిన్న నల్లమచ్చ ఉంది, ఇప్పటికీ పోలేదు. శెట్టిగారు ఒక ముల్లు చూసుకోలేదు.